యంత్రవేగము - పనివేగము

లోహమును కోయుట, తొలుచుట, నునుపుచేయుట కొందరికి వృత్తి, మరికొందరికి వినోదము. పగలంతయు కచేరీలోనో, పాఠశాలలోనో, దుకాణములోనో పనిచేసి, సాయంకాలము ఇంటి వెనుక గదిలో దీపము వెలిగించుకొని ఇత్తడి ముక్కతోనో, అల్యూమినియము పట్టీతోనో కుస్తీపట్టువారు అనేక దేశములలో కలరు. ఇంగ్లండులో ఈ అభిరుచికి దీర్ఘమైన చరిత్రయే ఉన్నది. పెర్సివల్ మార్షల్ అను నాతడు 1898 లో 'మోడల్ ఇంజనీర్' అను పత్రికను స్థాపించెను. ఇంటిలో చిన్న ఆవిరి యంత్రములను, రైలింజన్ల నమూనాలను చేసికొనువారి కొరకు వెలసిన ఆ పత్రిక నూరు సంవత్సరములకు పైగా నడచినది. అట్టి ఇంటి పనివారి గదులలో లేత్ యంత్రము తరువాత రెండవ స్థానము మిల్లింగ్ యంత్రమునకే చెందును.

ఈ యంత్రమును ఎరుగని శ్రోతల కొరకు రెండు మాటలు. లేత్‌లో జాబు తిరుగును, ఉలి నిలిచియుండును. మిల్లింగ్ యంత్రములో పద్ధతి తారుమారు. పళ్ళు గల కట్టరు స్పిండిల్‌లో తిరుగుచుండును. జాబును వైస్‌లో బిగించి, ఆ వైస్ ఉన్న టేబులును చేతిచక్రములతో కుడియెడమలకును, ముందువెనుకలకును జరుపుదురు. కట్టరు క్రిందికి దిగును, పైకి లేచును. ఈ మూడు కదలికలతో చదును తలములు, గాళ్ళు, మెట్లు, రంధ్రములు తీర్చవచ్చును. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమందలి షెర్లైన్ సంస్థ, చైనాలో షాంఘై నగరమందలి సీగ్ సంస్థ మొదలగునవి తయారుచేయు చిన్న మిల్లింగ్ యంత్రములు ఒక బల్లపై ఇమిడిపోవును.

ఔత్సాహికుడు సామాన్యముగా ఒక్క ముక్కనే చేయును. అతని నమూనాకు కావలసినది ఒక్కటే. దానికి ఒక సాయంకాలము పట్టినను, నాలుగు పట్టినను అడుగువాడు లేడు. ఆ ముక్కను చూచి ముచ్చటపడిన స్నేహితుడో, సమీపమున ఉన్న చిన్న వ్యాపారియో "ఇటువంటివి 50 చేసి ఇత్తురా?" అని అడిగిననాడు చిక్కు మొదలగును. 50 అనునది విచిత్రమైన సంఖ్య. పెద్ద కార్ఖానా అంత చిన్న పనికి తలయెత్తి చూడదు. ఇంటి పనివానికో, అది కొండంత పని. సంతోషముతో ఒప్పుకొని, సరకు ఖరీదును బట్టి ధర చెప్పి, తేదీ కూడ ఇచ్చి, ఐదవ ముక్క పూర్తియగుసరికి అతడు గడియారము చూచును. అప్పుడు తెలియును, తాను అమ్మినది అల్యూమినియము కాదు, తన రాత్రుల నిద్ర అని.

ఇక్కడ ఎవరికైనను తోచు మొదటి ఉపాయము యంత్రమును మరింత వేగముగా త్రిప్పుట. ఈ ఉపాయము ఎంతవరకు పనికివచ్చునో ముందు లెక్క వేసి చూతము. ఒక ఉదాహరణము అనుకొందము. 40 మిల్లీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 10 మందము గల అల్యూమినియము ముక్క. దానిలో 5 మిల్లీమీటర్ల లోతు గల ఒక గాడి, రెండు రంధ్రములు. ఇంతే పని.

ఒక్కొక్క ముక్కను మొదటినుండి చివరివరకు చేయు పనివాని కాలమును ఈ విధముగ పంచవచ్చును. ముక్కను వైస్‌లో కూర్చి బిగించుటకు 2 నిమిషములు. అంచు ఎక్కడ ఉన్నదో కనిపెట్టి, కొలత మొదలగు బిందువును నిర్ణయించుటకు 3 నిమిషములు. గాడిని తీయుటకు 4 నిమిషములు. గాడి కట్టరును తీసి, గురుతు పెట్టు సెంటర్ డ్రిల్లును, తరువాత అసలు డ్రిల్లును, మరల గాడి కట్టరును మార్చుటకు, మార్పునకు 2 నిమిషముల చొప్పున 6 నిమిషములు. రంధ్రములు తొలుచుటకు 1 నిమిషము. కొలిచి చూచుటకు 1. అంచులందు లేచిన ముళ్ళను ఆకురాయితో తీయుటకు 1. వైస్‌ను తుడిచి శుభ్రపరచుటకు 1. మొత్తము 19 నిమిషములు. 50 ముక్కలకు 950 నిమిషములు. అనగా 15 గంటల 50 నిమిషములు.

ఈ 19 నిమిషములలో కట్టరు లోహమును నిజముగా కోయుచున్న కాలము ఎంత? గాడికి నాలుగు, రంధ్రములకు ఒకటి, వెరసి ఐదు నిమిషములు. మిగిలిన 14 నిమిషములును యంత్రము ఊరకయే ఉన్నది; మనుష్యుడే తిరుగుచున్నాడు. ఇప్పుడు కోతవేగమును రెట్టింపు చేసినాడనుకొందము. ముక్కకు రెండున్నర నిమిషములు మిగులును. మొత్తము మీద 125 నిమిషములు తగ్గి, ఇంకను 13 గంటల 45 నిమిషములు మిగిలియే ఉండును. కట్టరు విరుగు ప్రమాదమును మాత్రము అతడు రెట్టింపు చేసికొన్నాడు. కావున మన దృష్టి ఆ ఐదు నిమిషములపై కాక, ఈ పదునాలుగు నిమిషములపై నిలువవలెను.

ఇది నేటి విషయము కాదు. 1862 లో అమెరికాలో జోసెఫ్ బ్రౌన్ రూపొందించిన సార్వత్రిక మిల్లింగ్ యంత్రము పుట్టుకలోనే ఈ కథ ఉన్నది. ఆనాడు డ్రిల్లులకు మెలికలు తిరిగిన గాళ్ళను పనివారు ఆకురాయితో చేతితో అరగదీసెడివారు. ఆ గాడిని యంత్రముపై తీయగలుగుటకే బ్రౌన్ యంత్రము రూపొందినది. అంతకుముందే, 1800 తరువాతి దశాబ్దములో, ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ ఓడరేవులో మార్క్ బ్రూనెల్ యోచించి, హెన్రీ మాడ్స్లే నిర్మించిన యంత్రముల వరుస ఓడలకు కావలసిన కప్పీలను తయారుచేసెను. నూటపది మంది నిపుణులు చేయు పనిని పదిమంది చేయగలిగిరి. అచ్చట ఏ ఒక్క యంత్రమును కప్పీని సంపూర్ణముగా చేయలేదు. ఒక్కొక్కటి ఒక్కొక్క పనినే, అదే పనిని, మరల మరల చేసెను. అదియే దాని రహస్యము.

మన విషయమునకు మరింత దగ్గరగా వచ్చినది జపాను దేశపు ఇంజనీరు షిగియో షింగో. 1950 లో అతడు హిరోషిమాలోని టోయో కోగ్యో కార్ఖానాలో పెద్ద ప్రెస్సుల పనిని పరిశీలించుచుండెను. 800 టన్నుల ప్రెస్సులో అచ్చు మార్చవలసి వచ్చెను. పనివాడు పాత అచ్చును తీసి, క్రొత్త దానిని కూర్చబోవు సమయమున ఒక బోల్టు కనబడలేదు. అతడు గంటకు పైగా వెదకి, చివరకు ప్రక్క యంత్రమునకు చెందిన పొడవు బోల్టును తెచ్చి, దానిని కోసి, మరచుట్లు వేసి బిగించెను. అంతసేపును ఆ మహాయంత్రము నోరు తెరచుకొని నిలిచియుండెను. షింగో అప్పుడు గ్రహించిన సూత్రము చాల సులభమైనది. యంత్రము ఆగియున్నప్పుడు మాత్రమే చేయదగిన సన్నాహములు కొన్ని. యంత్రము నడచుచుండగనే చేసి ఉంచుకొనదగినవి కొన్ని. ఈ రెంటిని వేరుచేయవలెను. మొదటి తరగతిలోనివానిని వీలైనన్ని రెండవ తరగతిలోనికి మార్చవలెను.

1957 లో హిరోషిమాలోని మిత్సుబిషి ఓడల కార్ఖానాలో డీజెల్ ఇంజను పీఠములను చదును చేయు యంత్రమునకు అతడు రెండవ టేబులును చేయించెను. ఒక టేబులుపై కోత సాగుచుండగా రెండవదానిపై తరువాతి పీఠమును కొలిచి, సరిచూచి, బిగించి సిద్ధముగా ఉంచెడివారు. పని నూటికి 40 వంతులు పెరిగినది. 1969 లో టొయోటా కార్ఖానాలో వేయి టన్నుల ప్రెస్సు అచ్చు మార్చుటకు నాలుగు గంటలు పట్టుచుండెను. ఆరు నెలల కృషితో దానిని గంటన్నరకు తగ్గించిరి. అంతటితో యాజమాన్యము తృప్తిపడక, మూడు నిమిషములలోపల కావలెనని కోరినది. మరి మూడు నెలలలో అదియు సాధ్యమయ్యెను. గమనింపుడు, ప్రెస్సు దెబ్బ వేగము ఏమియు పెరుగలేదు. దెబ్బకును దెబ్బకును నడుమ ఉన్న వృథాకాలమే కరిగిపోయినది.

వేయి టన్నుల ప్రెస్సునకు చెల్లిన సూత్రము బల్లపైని చిన్న యంత్రమునకును చెల్లును. ఇంటి పనివాడు దానిని ఎట్లు అన్వయించుకొనవలెనో ఇక వరుసగా చూతము.

మొట్టమొదటిది ఆపు. అనగా వైస్ ప్రక్కన బిగించిన ఒక చిన్న లోహపు అడ్డు. మొదటి ముక్కకు అంచును కనిపెట్టి కొలతలు సరిచూచుకొనిన తరువాత, ఆ ముక్క కొసకు తగులునట్లు ఈ అడ్డును బిగింపవలెను. తరువాతి ముక్కను వైస్‌లో ఉంచి, అడ్డునకు ఆనునట్లు నెట్టి, మెత్తని సుత్తితో ఒక తట్టు తట్టి బిగించినచో అది మొదటి ముక్క ఉన్న చోటనే ఉండును. వైస్‌లో ముక్క క్రింద ఉంచు సమాంతర పట్టీలు కూడ ప్రతిసారి జారి పడకుండ నిలిపి ఉంచవలెను. అంచు వెదకు మూడు నిమిషములు యాభైసార్లకు బదులు ఒక్కసారికి దిగును. దీనికి అయిన ఖర్చు ఒక ఇనుప తునక, రెండు మరలు. ఒక్క జాగ్రత్త మాత్రము ఉన్నది. వైస్ దవడకును ముక్కకును నడుమ ఒక చిన్న లోహపు పొట్టు చిక్కినచో ముక్క లేచిపోవును, కొలత తప్పును. కావున ముక్క తీసిన ప్రతిసారి బ్రష్షుతో ఒక్క తుడుపు తుడువవలెను.

రెండవది పనిని ముక్కవారీగా కాక, కోతవారీగా సాగించుట. ముందు 50 ముక్కలకును గాడి తీయవలెను. తరువాత డ్రిల్లు మార్చి 50 ముక్కలకును రంధ్రములు తొలువవలెను. ఉపకరణము మార్చుట ముక్కకు మూడుసార్లు కాక, మొత్తము పనికి మూడుసార్లు అగును. ఇందువలన ప్రతి ముక్కను ఒకసారికి బదులు మూడుసార్లు వైస్‌లో బిగింపవలసి వచ్చుననుట నిజమే. కాని ఆపు ఉన్నప్పుడు ఒక్కొక్క బిగింపునకు అర నిమిషము చాలును.

ఇప్పుడు మరల లెక్క వేయుదము. మూడు బిగింపులకు ఒకటిన్నర నిమిషము. కోతకు మునుపటివలెనే 5 నిమిషములు. వైస్ తుడుచుటకు అర నిమిషము. ముళ్ళు తీయుటకు 1 నిమిషము. పదింటిలో ఒక ముక్కను కొలిచినచో ఆ ఖర్చు ముక్కకు నిమిషములో పదవవంతు. వెరసి 8.1 నిమిషములు. 50 ముక్కలకు 405 నిమిషములు. ఆపులు కూర్చుటకు, కొలతలు సరిచూచుటకు, ఉపకరణములు మార్చుటకు ఒక గంట ధారాళముగా కలుపుకొందము. మొత్తము 465 నిమిషములు, అనగా 7 గంటల 45 నిమిషములు. పదునారు గంటలకు దగ్గరగా ఉన్న పని సగముకంటె కొంచెము తక్కువకు దిగినది. ఐనను యంత్రమును ఒక్క చుట్టు అదనముగా త్రిప్పలేదు; క్రొత్త యంత్రమును కొనలేదు.

మూడవ ఉపాయము అన్నిటికంటె గొప్పది. మనవారు సులభముగా మరచిపోవునదియు అదియే. ఒక పనిని వేగముగా చేయుటకంటె, ఆ పని అవసరమే లేకుండ చేయుట మేలు. ముక్క వెడల్పు 30 మిల్లీమీటర్లు కావలసినప్పుడు 32 మిల్లీమీటర్ల పట్టీని కొని రెండు ప్రక్కల గీయుటకంటె, 30 మిల్లీమీటర్ల పట్టీనే కొనుట తెలివి. ఆ రెండు మిల్లీమీటర్ల సరకులో మిగులుననుకొన్నది రెండు రాత్రులలో పోవును. గాడి పట్టీ పొడవునకే సాగునదైనచో, ముక్కలుగా కోసిన పిమ్మట ఒక్కొక్కదానిలో గాడి తీయుట ఎందులకు? టేబులు జరుగగలిగినంత పొడవు గల పట్టీలో ఒకేసారి గాడి తీసి, అటుపిమ్మట ముక్కలుగా కోయవచ్చును. సెంటర్ డ్రిల్లుతో ముందుగా గురుతు పెట్టుట పొడవైన డ్రిల్లు వంగి ప్రక్కకు పోకుండుటకే. పొట్టి డ్రిల్లు అంత సులభముగా వంగదు. రంధ్రము స్థానములో మిక్కిలి సూక్ష్మత అక్కరలేని చోట దానిని వాడినచో గురుతు పెట్టుపనియే ఎగిరిపోవును. దానితో 50 బిగింపులును తప్పును.

రంధ్రములు రెండును ముక్క రెండు కొసలనుండి సమదూరమున ఉన్నచో మరియొక చమత్కారము ఉన్నది. టేబులును ఒకచోట బిగించివేసి, ఒక రంధ్రము తొలిచి, ముక్కను కొసకు కొస మార్చి మరల ఆపునకు ఆనించి, రెండవ రంధ్రము తొలువవచ్చును. చేతిచక్రమును ముట్టుకొన నక్కరలేదు. కాని రెండవ రంధ్రము ముక్క రెండవ కొసనుండి కొలువబడుచున్నది కదా! ముక్కల పొడవులో తేడా ఉన్నచో ఆ తేడా రంధ్రముల నడిమి దూరములోనికి వచ్చిచేరును. కావున పొడవులు సమముగా తీర్చిన ముక్కలకే ఈ చమత్కారము చెల్లును.

నాలుగవది ఉపకరణముల పొందిక. కట్టరులు, డ్రిల్లులు సాధ్యమైనంతవరకు ఒకే లావు కాడ గలవి ఎన్నుకొనినచో ఒకే కాలెట్టులో అన్నియు ఇముడును. చక్ తీసి కాలెట్టు, కాలెట్టు తీసి చక్ పెట్టు శ్రమ తప్పును. పనికి కావలసిన తాళపుచెవి, స్పానర్, బ్రష్షు, కొలబద్ద, ఆకురాయి పని మొదలుపెట్టుటకు ముందే చేతికందు దూరమున వరుసగా ఉండవలెను. షింగో చూచిన ఆ పోయిన బోల్టు మన ఇండ్లలో ప్రతిరాత్రియు పోవుచునే ఉండును. బోల్టు విషయములో అతడు చెప్పిన మరియొక మాట కూడ స్మరింపదగినది. నట్టును పదునైదు చుట్లు త్రిప్పినను, నిజముగా బిగించునది చివరి చుట్టే. మిగిలిన పదునాలుగును ప్రయాణమే. కావున నట్టు పూర్తిగా ఊడదీయకుండ, కొంచెము వదులుచేసి, ప్రక్కనుండి జార్పగల చీలిక వాషరును వాడినచో చాలును.

ఐదవది ఫిక్స్చర్. అనగా ఆ ముక్క కొరకే ప్రత్యేకముగా చేసిన పట్టుపీఠము. వంకర ఆకారము గల ముక్క వైస్ దవడల నడుమ కుదురుగా నిలువదు. అప్పుడు ఉక్కు దవడలను తీసివేసి, అల్యూమినియము దవడలను బిగించి, ఆ ముక్క ఆకారమునకు తగిన గుంటను అదే యంత్రముపై వానిలో తొలువవచ్చును. ముక్క గుంటలో కూర్చుండి, ఇటునటు కదలదు. లేదా ఒక మందమైన పలకపై నాలుగు ముక్కలను ఒకేసారి బిగించు ఏర్పాటు చేయవచ్చును. మన హైదరాబాదు బాలానగరులో 1968 లో నెలకొన్న కేంద్రీయ టూల్ డిజైన్ సంస్థ వంటి విద్యాలయములలో ఈ జిగ్గులు, ఫిక్స్చర్లు రూపొందించు విద్యకు ప్రత్యేక స్థానమే ఉన్నది.

ఐతే ఫిక్స్చర్ మోజులో పడి లెక్క మరువరాదు. ఫిక్స్చర్ చేయుటకు 3 గంటలు, అనగా 180 నిమిషములు పట్టి, దానివలన ముక్కకు 3 నిమిషములు మిగులుననుకొందము. 60 ముక్కలు చేసినగాని పెట్టిన కాలము తిరిగిరాదు. 50 ముక్కల పనికి అది నష్టము. అదే పని మరల వచ్చుననెడి నమ్మకమున్నచో లాభము. ఒక్క సందర్భములో మాత్రము ఈ లెక్కను ప్రక్కన పెట్టవలెను. చేతితో పట్టుకొన్న ముక్క జారిపోవునదైనను, వ్రేలు కట్టరు దగ్గరకు పోవలసివచ్చునదైనను, ఎన్ని గంటలు పట్టినను ఫిక్స్చర్ చేసికొనవలసినదే.

ఇంతవరకు పదునాలుగు నిమిషముల మాట. ఇప్పుడు మిగిలిన ఐదు నిమిషములకు వత్తము. కోతవేగము అనగా కట్టరు అంచు నిమిషమునకు ఎన్ని మీటర్లు ప్రయాణము చేయుననునది. కట్టరు వ్యాసమును మిల్లీమీటర్లలో తీసికొని, నిమిషమునకు చుట్ల సంఖ్యతోను, 3.14 తోను గుణించి, 1,000 తో భాగించినచో అది వచ్చును. హైస్పీడ్ ఉక్కు కట్టరుతో మెత్తని ఉక్కును నిమిషమునకు సుమారు 25 మీటర్ల వేగముతో కోయవచ్చును. అల్యూమినియమును 60 మీటర్లు, అంతకు మించియు కోయవచ్చును. 6 మిల్లీమీటర్ల కట్టరును 2,500 చుట్ల వేగముతో త్రిప్పినచో వచ్చునది 47 మీటర్లు. అనగా అల్యూమినియమునకు ఈ చిన్న యంత్రపు వేగమంతయు వాడుకొనవచ్చును, ఇంకను మిగులుబాటే. ఆ కట్టరుతోనే ఉక్కును కోయునప్పుడు మాత్రము 1,300 చుట్లకు మించరాదు.

మించినచో ఏమగును? దీనికి సమాధానము ఫ్రెడరిక్ టేలర్ ఇచ్చెను. ఇరువదియారు సంవత్సరముల ప్రయోగములను క్రోడీకరించి 1906 లో అతడు లోహములను కోయు కళను గూర్చి అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘములో మహోపన్యాసము చేసెను. వేగము పెరిగినకొలది ఉపకరణపు ఆయుర్దాయము తగ్గుననుట అందరును ఎరిగినదే. అది ఎంత తీవ్రముగా తగ్గునో అతని సూత్రము తెలుపుచున్నది. హైస్పీడ్ ఉక్కు విషయములో వేగమును నూటికి 20 వంతులు పెంచినచో పదును నిలుచు కాలము సుమారు నాలుగవవంతునకు పడిపోవును. మిగిలిన నిమిషములు మొండికట్టరును మార్చుటలోనే హరించిపోవును.

టేబులును జరుపు వేగములో దీనికి విరుద్ధమైన పొరపాటు జరుగుచుండును. కట్టరు విరుగునేమోయను భయముతో ఇంటి పనివాడు టేబులును మిక్కిలి మెల్లగా త్రిప్పును. అప్పుడు కట్టరు పన్ను లోహమును కోయక, దానిని రుద్దుచుండును. వేడి పుట్టును, పదును పోవును. ప్రతి పన్నును ఒక నియమితమైన పొరను తీయనీయవలెను. రెండు పళ్ళ కట్టరు, పంటికి 0.03 మిల్లీమీటరు పొర, నిమిషమునకు 2,500 చుట్లు. ఈ మూటిని గుణించినచో టేబులు నిమిషమునకు 150 మిల్లీమీటర్లు జరుగవలెనని తేలును. చిన్న యంత్రమునకు బరువు తక్కువ, బిగి తక్కువ. కావున లోతు కోతలు పనికిరావు. మిల్లీమీటరు లోతున ఐదుసార్లు పోవుట క్షేమము. అల్యూమినియమునకు రెండు పళ్ళ కట్టరే మేలు. పొట్టు బయటికి పోవుటకు పళ్ళ నడుమ చోటు ఎక్కువ ఉండును. పొట్టు గాడిలోనే నిలిచినచో కట్టరు దానినే మరల కోయుచు, వేడెక్కి, అల్యూమినియమును పంటికి అంటించుకొనును. అదిగో, ఆ తరువాతి క్షణమున అది విరుగును. కోతనూనె ఒక్క చుక్కయు, బ్రష్షును ఆ గతిని తప్పించును.

చేతితో త్రిప్పు యంత్రములలో మరచుట్ల నడుమ కొంత వదులు ఉండును. చక్రము దిక్కు మార్చినప్పుడు, ఆ వదులు తీరువరకు టేబులు కదలదు. అందువలన ప్రతి కొలతకును ఎల్లప్పుడు ఒకే దిక్కునుండి రావలెను. కట్టరు తిరుగు దిక్కునకే టేబులును జరిపినచో అంచు నునుపుగా వచ్చునుగాని, ఈ వదులు కారణమున కట్టరు జాబును తనవైపునకు లాగికొనును. చివరి పలుచని కోతకు తప్ప ఆ పద్ధతిని ఇట్టి యంత్రములపై వాడరాదు.

టేబులును చిన్న మోటారుతో జరుపు సాధనము అమర్చుకొన్నచో పనివాని చేతులకు విడుదల కలుగును. గాడి తనంత తాను సాగుచుండగా, అతడు ముందటి ముక్క ముళ్ళు తీయవచ్చును. షింగో చెప్పిన రెండవ తరగతి సన్నాహము ఇదియే. మన లెక్కలో ముక్కకు ఒక నిమిషము, మొత్తము మీద 50 నిమిషములు తగ్గును. ఇంకొక అడుగు ముందుకు పోయినచో సంఖ్యల ఆజ్ఞతో నడచు యంత్రము వచ్చును. జాన్ పార్సన్స్ హెలికాప్టరు రెక్కలకు కావలసిన వంపులను కొలతల పట్టికలతో తీర్చు ప్రయత్నములో ఈ ఆలోచనకు వచ్చెను. 1952 లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున, చిల్లుల కాగితపు పట్టీ ఆజ్ఞలతో నడచు మిల్లింగ్ యంత్రమును ప్రదర్శించిరి. ఆనాడు ఒక గది నిండిన ఆ సాధనసామగ్రి పని నేడు ఇంటి కంప్యూటరును, మూడు చిన్న మోటారులును చేయుచున్నవి.

కాని కంప్యూటరు వచ్చినంత మాత్రమున మన చర్చ ముగియలేదు. అది చక్రములను త్రిప్పును. ముక్కను మార్చి బిగింపదు. చిన్న యంత్రములపై కట్టరును మార్చునది నేటికిని సాధారణముగా మనుష్యుడే. అందువలన నాలుగు ముక్కలను పలకపై బిగించి, ఒక కట్టరుతో నాలుగింటి గాళ్ళను ముగించి, తరువాత డ్రిల్లు మార్చి నాలుగింటి రంధ్రములను ముగించునట్లు ఆజ్ఞాక్రమమును వ్రాయవలెను. ఆపు, ఫిక్స్చర్, పొందిక అను పాత పాఠములే అచ్చటను ఫలించును. అవి లేని కంప్యూటరు యంత్రము వేగముగా పరుగెత్తి, చాలసేపు నిలిచి ఎదురుచూచును.

కోతవారీ పద్ధతిలో ఒక పెద్ద ప్రమాదము పొంచియున్నది. ముక్కవారీగా చేయువాడు తప్పు చేసినచో ఒక్క ముక్క పోవును. కోతవారీగా చేయువాడు కొలత తప్పినచో 50 ముక్కలును అదే తప్పుతో వరుసగా నిలుచును. కావున ఒకే ముక్కను మొదటినుండి చివరివరకు చేసి, చిత్రపటముతో సరిచూచి, దాని జోడు భాగములో అమర్చి చూచిన తరువాతనే మిగిలిన వానికి చేయి పెట్టవలెను. రెండుమూడు ముక్కలు అదనముగా కోసి ఉంచుకొనుట లోభము లేని పొదుపు. రంధ్రములను ప్రతిసారి కొలిచి చూచుటకు బదులు, ఒక కొస దూరవలసినదియు, మరియొక కొస దూరరానిదియు అయిన కడ్డీ గేజి చేసికొనినచో పరీక్ష ఒక క్షణములో ముగియును.

చివరకు అన్నిటికంటె ముఖ్యమైన మాట. ఇరువది ముక్కలు చేసినవాని చేయి పనికి అలవాటుపడును. ముప్పది చేసినవాని మనస్సు పనినుండి తొలగును. ప్రమాదములకు అదియే అనుకూలమైన వేళ. స్పిండిల్ పూర్తిగా ఆగక ముందే ముక్కను తీయబోవుట, తిరుగుచున్న కట్టరు ప్రక్క పొట్టును వ్రేలితో త్రోయుట, చక్ తాళపుచెవిని చక్‌లోనే మరచి మీట నొక్కుట. ఇవి తెలియనివారు చేయు తప్పులు కావు, తెలిసినవారు తొందరలో చేయునవి. కంటికి అద్దములు తప్పక ధరింపవలెను. చేతికి తొడుగులు మాత్రము వలదు. కట్టరు గుడ్డను పట్టినచో చేతిని విడువదు. వదులు చొక్కా చేతులు, ఉంగరములు, వ్రేలాడు తువాలు ఆ గదిలో ఉండరాదు. గంటకొకసారి యంత్రమును ఆపి, లేచి, నాలుగడుగులు నడచి వచ్చుటకు పోవు ఐదు నిమిషములు ఏ లెక్కలోను వృథా కావు.

నిదానమే ప్రధానమని మన పెద్దలు చెప్పుదురు. దానిని కొందరు మాంద్యముగా అర్థము చేసికొందురు. నిదానమనగా ముందు ఆలోచించి, ఏది మరల మరల చేయుచున్నామో గుర్తించి, దానిని ఒక్కసారికి తగ్గించుట. అట్లు చేసిన ఇంటి పనివాడు 50 ముక్కలను చెప్పిన తేదీకి అందించును. అతని కట్టరు పదునుగనే ఉండును. వ్రేళ్ళు పదియును పదిలముగ ఉండును. మరునాటి సాయంకాలము మరల తన రైలింజను నమూనా ముందు, అడుగువాడు లేని ఆ ఒక్క ముక్కతో, తీరికగా కూర్చుండగలడు.